డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్: రంగు రాదు, చేదు మాత్రం దిగుతోంది. తేడా ఎక్కడ?

పలచటి_కప్పు
ప్యాకెట్ మీద డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో తొలి కోత) అని ఉంది, తోట పేరుంది, కోత మార్చి అని ఉంది. తెరిచి చూస్తే ఆకు సగం పచ్చగానే ఉంది. బ్లాక్ టీ అన్నాక నల్లగా ఉండొద్దా? 200 మి.లీ. మరిగే నీళ్ళలో రెండు స్పూన్ల ఆకు వేసి 5 నిమిషాలు ఉంచితే రంగు లేత పసుపు, నోట్లో చేదూ వగరూ. పూల వాసన అని ఊరించారు, దాని జాడే లేదు. రంగు కోసం ఇంకాసేపు ఉంచితే అసలు మింగుడు పడలేదు. ఆకు పాతదా, గ్రీన్ టీని ఈ పేరుతో అంటగట్టారా, కాచే పద్ధతిలో ఏమైనా మార్చాలా?

రెండాకులు_మొగ్గ
ఆకు పచ్చగా ఉండటం లోపం కాదు, ఆ టీ తీరే అంత. కోసిన ఆకును పొడవాటి తొట్లలో పరిచి, కింది నుంచి గాలి పంపి రాత్రంతా వాడబెడతారు. మిగతా సీజన్ల కంటే ఫస్ట్ ఫ్లష్‌కి ఇది బాగా గట్టిగా చేస్తారు, ఆకు బరువులో 60 నుంచి 70 శాతం దాకా పోతుంది. తోటల్లో దీన్ని హార్డ్ విదర్ అంటారు. తేమ అంతగా పోయిన ఆకులో రంగు మార్చే ఎంజైములకు పనిచేసే వీలు పెద్దగా ఉండదు. తర్వాత రోలింగ్ (ఆకును నలిపి మెలితిప్పడం), కొద్దిసేపే ఆక్సిడేషన్ (గాలి తగిలి ఆకు రంగు మారడం), వెంటనే డ్రయ్యర్. అందుకే ఆకులో పచ్చా గోధుమా కలిసి కనిపిస్తాయి, మధ్యలో వెండి రంగు మొగ్గలు.

గ్రీన్ టీ దారి వేరు. అక్కడ కోసిన కొద్దిసేపటికే ఆవిరో పెనం వేడో తగిలించి ఎంజైముల్ని ఆపేస్తారు. ఇక్కడ అలా చేయరు. అమ్మేటప్పుడు బ్లాక్ టీ లెక్కే, ప్రవర్తన మాత్రం ఊలాంగ్‌కి (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యస్థంగా ఉండే టీ) దగ్గర.

కెటిల్_కనకం
200 మి.లీ.కి రెండు స్పూన్లు, అదీ మరిగే నీళ్ళు, అదీ 5 నిమిషాలు. మూడు వైపులా ఒకేసారి దాడి చేస్తే ఆకు మాత్రం ఏం చేస్తుంది పాపం.

3 గ్రాములు, 200 మి.లీ., 88 డిగ్రీలు, 3 నిమిషాలు, మూత పెట్టి. ముందు ఇది చేసి చూసి అప్పుడు చెప్పండి.

వగరు_వీరయ్య
88 దేనికండీ? బ్లాక్ టీకి మరిగే నీళ్ళే. డార్జిలింగ్‌లో థర్మామీటర్ పెట్టుకుని కూర్చుంటారా? కెటిల్ మరిగింది, పోశారు, అయిపోయింది.

కెటిల్_కనకం
@వగరు_వీరయ్య డార్జిలింగ్ ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. 300 మీటర్లు ఎక్కితే నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అక్కడ బుడగలు తెర్లే నీళ్ళే 93 దగ్గర ఉంటాయి. దాన్ని చల్లటి పింగాణీ పాత్రలో పోస్తే 88కి వచ్చేస్తాయి. వాళ్ళకి థర్మామీటర్ ఎందుకు, కొండే ఆ పని చేసి పెడుతోంది.

వగరు_వీరయ్య
బాగుంది లెక్క. మరి కోల్‌కతా వేలానికి వెళ్ళే ఆకును టేస్టర్లు కొండెక్కి రుచి చూడరు కదా? అక్కడ 100 డిగ్రీల నీళ్ళే పోస్తారు. దానికేమంటారు?

గిన్నె_గరిటె_గడియారం
దానికి నేను చెప్తా. టేస్టింగ్ వేరు, తాగడం వేరు. టేస్టర్ చూసేది ఆకులో లోపం ఎక్కడుందా అని. అందుకే కావాలనే గట్టిగా కాస్తారు. ఐఎస్ఓ 3103 అనే ప్రమాణం ప్రకారం 100 మి.లీ.కి 2 గ్రాములు, అప్పుడే మరిగిన నీళ్ళు, 6 నిమిషాలు. వేలం గదుల్లో ఎక్కువగా 5 నిమిషాలు పాటిస్తారు. అలా కాచినప్పుడు పొగ వాసన, మాడు, పుల్లదనం, పచ్చి గడ్డి వాసన ఏదున్నా దాక్కోలేదు. ఒక చెంచాడు గట్టిగా చప్పరించి ఉమ్మేస్తారు కాబట్టి వగరు వాళ్ళకి సమస్య కాదు. కప్పు నిండా తాగేవాళ్ళకి సమస్యే.

ఆకు కొన్న రోజు ఒకసారి ఇలా కాచి చూడటం మాత్రం మంచిది. మూడు చోట్ల చూడాలి:

ముందు పొడి ఆకు. గుప్పిట్లోకి తీసుకుని వెచ్చటి ఊపిరి ఒకసారి ఊది వెంటనే వాసన చూడండి. తాజాదైతే ఎండుగడ్డి, పచ్చి బాదం, తెల్ల పూలు, ఇలాంటివి ఏదో ఒకటి తగులుతుంది. అట్టపెట్టె వాసన వస్తే పాతది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పుటుక్కున విరగాలి. వంగి ఊరుకుందంటే తేమ పట్టింది.

తర్వాత నానిన ఆకు. నా మట్టుకు అసలు సమాచారమంతా ఇక్కడే. కషాయం వంచేసి, మూత తిరగేసి, దాని మీద ఆకు పోసి వేడిగా ఉండగానే ముక్కు దగ్గర పెట్టుకోండి. మొదటి పది సెకన్లలో వచ్చే వాసన మళ్ళీ దొరకదు. ఆకు రంగు నిగనిగలాడే లేత పచ్చ, అక్కడక్కడా రాగి ఛాయ ఉండాలి. ముదురు గోధుమ రంగులో జీవం లేకుండా ఉంటే కోత ఆలస్యమైంది, లేదంటే డ్రయ్యర్ వేడి ఎక్కువైంది.

చివర కషాయం. తెల్లటి కప్పులోనే పోయాలి. తెల్ల ద్రాక్ష రంగు నుంచి లేత బంగారు రంగు వరకు ఏదైనా సరే. మసకగా ఉండకూడదు. చెంచాతో గాలి కలిసేలా చప్పరిస్తే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. అమర్యాదగా ఉంటుంది, నలుగురిలో వద్దు.

పలచటి_కప్పు
@కెటిల్_కనకం 3 గ్రాములతో చేశాను. చేదు దాదాపు పోయింది. వాసన లీలగా ఉంది. కానీ స్పూన్‌తో రెండంటే 3 గ్రాములే అవుతుంది కదా అనుకున్నా, త్రాసులో పెడితే 5 దాటింది.

కెటిల్_కనకం
స్పూన్‌ని నమ్మకూడదు. పూర్తి ఆకు ఉబ్బుగా ఉంటుంది, స్పూన్ నిండా పెట్టినా గ్రామున్నర, రెండు దాటదు. ముక్కల ఆకు అదే స్పూన్‌లో 3 గ్రాములు తూగుతుంది. మీకు 5 వచ్చిందంటే ప్యాకెట్ అడుగున చేరిన ముక్కలు పడి ఉంటాయి. ముక్కలు తొందరగా వదులుతాయి, చేదు కూడా ముందు అవే ఇస్తాయి. 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు కొనుక్కోండి, ఈ టీ విషయంలో థర్మామీటర్ కంటే అదే ముందు అవసరం.

మూత_తీయకు
పైన ఎవరూ చేదుకీ వగరుకీ తేడా చెప్పలేదు. నాలుక మీద తగిలేది చేదు, నోరంతా పట్టేసినట్టు ఆరిపోయేది వగరు. ఆక్సిడేషన్ తక్కువ కాబట్టి ఇందులో కాటెకిన్లు (చేదూ వగరూ ఇచ్చే పదార్థాలు) అలాగే మిగిలి ఉంటాయి. పైగా లేత మొగ్గలో కెఫీన్ ఎక్కువ. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే ఈ రెండూ అంత వేగంగా దిగుతాయి. తీపినిచ్చే అమైనో ఆమ్లాలు మాత్రం తక్కువ వేడికే దిగుతాయి. 88కీ 100కీ కప్పులో తేడా అక్కడ వస్తుంది.

పూల వాసనకి కారణం లినలూల్, జెరానియోల్ లాంటివి. గాల్లోకి తొందరగా ఎగిరిపోతాయి. మూత లేకుండా కాస్తే వంటిల్లంతా పరిమళం, కప్పులో వేడి నీళ్ళు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

వగరు_వీరయ్య
సరే, కొంత వగరు ఉంటేనే నాకు టీ తాగినట్టుంటుంది. 95తో రెండు నిమిషాలు, 2.5 గ్రాములు. పూల వాసన ఉంటుంది, వెనక కాస్త కరుకు ఉంటుంది. 85తో కాచింది పరిమళం వేసిన నీళ్ళలాగా ఉంటుందని నా వాదన. ఎవరు ఒప్పుకోకపోయినా సరే.

రెండాకులు_మొగ్గ
@వగరు_వీరయ్య ఒప్పుకుంటా, కానీ అన్ని ఆకులకీ కాదు. పొద రకాన్ని బట్టి మారుతుంది. డార్జిలింగ్‌లో 1841లో బ్రిటిష్ అధికారి ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ నాటించింది చైనా జాతి విత్తనం. ఆ జాతి చిన్నాకు పొదలు చాలా తోటల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటికి 92, 95 పోసినా తట్టుకుంటాయి. వాసన మరీ గుప్పుమనదు, గింజల రుచి, లోపల తీపి. క్లోనల్ రకాలు (విత్తనంతో కాక కొమ్మ ముక్కలతో పెంచినవి) వేరు. ఏవీ2 అంటే అంబారీ వెజిటేటివ్ 2, పూల వాసనకి పేరు పడ్డది. పీ312 ఫూబ్‌సెరింగ్ తోట నుంచి, బీ157 బానక్‌బర్న్ తోట నుంచి వచ్చాయి. ఏవీ2 మొగ్గలు ఎక్కువున్న ఆకు మీద 95 పోస్తే వాసన ఒక్కసారి భగ్గుమని, తర్వాత పిప్పి రుచి మిగులుతుంది. దానికి 85 నుంచి 88.

ప్యాకెట్ మీద క్లోనల్ అనో చైనా అనో రాసుంటుంది చూడండి. ఏమీ లేకపోతే 90తో మొదలుపెట్టి ఒక్కో కప్పుకి ఒక్క అంశమే మార్చండి. వేడీ టైమూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

అక్షరాల_అప్పారావు
ప్యాకెట్ అంటే గుర్తొచ్చింది, ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ1 అని రైలు బండంత పొడవు రాస్తారే, అంత పొడవుంటే అంత మంచిదనా?

రెండాకులు_మొగ్గ
కాదు. అది ఆకు సైజూ, మొగ్గల పాళ్ళూ చెప్పే గ్రేడు. రుచికి హామీ ఏమీ లేదు. దానికంటే పనికొచ్చేది ఇన్వాయిస్ నంబర్. డీజే-1 అంటే ఆ తోట ఆ ఏడాది కట్టిన మొదటి లాట్, డీజే-2 రెండోది, అలా పెరుగుతూ పోతుంది. అంకె చిన్నదైతే సీజన్ తొలి రోజుల ఆకు. ఈఎక్స్ అని ఉంటే ప్రయోగంగా చేసిన చిన్న లాట్. డీజే-1 కోసం జనం ఎగబడతారు గానీ అదే మంచిదని లేదు. చలికాలం నిద్ర లేచాక వచ్చే మొదటి ఆకు ఒక్కోసారి మరీ పలచగా ఉంటుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో లాట్లలో నిండుదనం ఎక్కువ.

అక్షరాల_అప్పారావు
డీజే-1 అంటే పెళ్ళి బరాత్‌లో వచ్చే డీజే అనుకున్నా ఇన్నాళ్ళూ.

నీళ్ళ_మాస్టారు
ఇంత చర్చలో నీళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు. కప్పులో 99 శాతం అవే కదా నాయనా.

గట్టి నీళ్ళతో ఫస్ట్ ఫ్లష్ కాచొద్దు. కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువుంటే రంగు ముదురుతుంది, వాసన మూగబోతుంది, పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. ఆ పొర నూనె కాదు, టీలోని పాలీఫినాల్స్ (కాటెకిన్ల లాంటి పదార్థాలు) కాల్షియంతో కలిసి కట్టింది. కప్పు అంచుకి పట్టే గోధుమ గీత కూడా అదే.

అలాగని సున్నాకి దగ్గరున్న ఆర్‌ఓ నీళ్ళు కూడా కుదరవు. వాటితో రుచి పదునుగా, బోలుగా ఉంటుంది. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) 50 నుంచి 100 మధ్య ఉంటే బాగుంటుంది. ఆర్‌ఓ నీళ్ళు 15 దగ్గరుండి, కుళాయి నీళ్ళు 300 ఉన్నాయనుకోండి. మూడు పాళ్ళు ఆర్‌ఓ, ఒక పాలు కుళాయి కలిపితే 86 వస్తుంది. క్లోరిన్ వాసన ఉంటే కుళాయి నీళ్ళని ముందే పాత్రలో మూత లేకుండా పెట్టి ఉంచండి.

మూత_తీయకు
ఇంకోటి, ఒకసారి మరిగిన నీళ్ళని మళ్ళీ మరిగించకూడదు. ఆక్సిజన్ పోతుంది.

నీళ్ళ_మాస్టారు
ఆక్సిజన్ మొదటిసారి మరిగేటప్పుడే దాదాపు అంతా పోతుంది. రెండోసారి పోవడానికి మిగిలేదేముంది? పైగా గట్టి నీళ్ళని మరిగిస్తే కొంత కాల్షియం కార్బొనేట్‌గా కెటిల్ అడుగున పేరుకుంటుంది, నీళ్ళు కాస్త మెత్తబడతాయి. తెల్లగా పేరుకున్నది పోసేటప్పుడు కదపకండి, అంతే.

మూత_తీయకు
ఒప్పుకోబుద్ధి కావట్లేదు గానీ ఎదురు చెప్పడానికి ఏమీ దొరకట్లేదు.

పలచటి_కప్పు
నీళ్ళు మార్చాను. మీటర్‌తో చూస్తే కుళాయివి 400 పైన ఉన్నాయి. కలిపి 90 దగ్గరకి తెచ్చి కాస్తే రంగు ఇంకా లేతగా వచ్చింది, వాసన మాత్రం ఇప్పుడు స్పష్టంగా ఉంది. థర్మామీటర్ లేకుండా 88 ఎలా పట్టాలి? ఇంకో సందేహం, గుండ్రటి జాలీ బంతిలో ఆకు వేస్తున్నాను, పర్లేదా?

కెటిల్_కనకం
బంతి పక్కన పెట్టేయండి. ఆకు నానితే చాలా రెట్లు ఉబ్బుతుంది. బంతిలో ఇరుక్కుని మధ్యలో ఆకు పొడిగా, అంచు ఆకు పిప్పిగా అవుతుంది. పాత్రలో వదులుగా వేసి వేరే జాలీలోంచి వంచుకోండి. లేదంటే కప్పు లోతంతా దిగే వెడల్పాటి బుట్ట జాలీ.

వేడికి: మరిగిన నీళ్ళు మందం లేని ఖాళీ పింగాణీ పాత్రలో ఒకసారి పోస్తే 8, 10 డిగ్రీలు దిగుతుంది. అందులోంచి, ముందే వేడి నీళ్ళతో కడిగి పెట్టుకున్న టీ పాత్రలోకి పోయండి. 88 అటూ ఇటూ వస్తుంది. టీ పాత్రను వేడి చేసుకోకపోతే ఇంకో 5 డిగ్రీలు అక్కడ పోతుంది, అప్పుడు 3 నిమిషాలు చాలవు. ఒక రోజు బాగుండి మరుసటి రోజు చప్పగా వచ్చిందని అడిగేవాళ్ళలో సగం మందికి కారణం ఇదే.

టైమ్ అవగానే మొత్తం వంచేయాలి. సగం కప్పు తాగి, మిగతాది ఆకుతో పాటే పాత్రలో ఉంచితే రెండో కప్పు శిక్షే. జాలీలో ఆకును స్పూన్‌తో నొక్కి పిండొద్దు.

పాలప్యాకెట్
పాలు పోసుకోవచ్చా? అడిగినందుకు కొట్టకండి.

వగరు_వీరయ్య
అడ్మిన్ గారూ, ఒకసారి ఇటు చూడండి.

మూత_తీయకు
కొట్టడం దేనికి, కారణం ఉంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టీలోని పాలీఫినాల్స్‌ని పట్టేసుకుంటుంది. సీటీసీ టీకి (మామూలుగా పాలతో కాచే గుళికల టీ) అది లాభం, అక్కడ కరుకు అంత ఎక్కువ. ఇక్కడ పట్టుకోవడానికి ఉన్నదే కొంచెం, అది పోయాక మిగిలేది పాల వాసన. పాలు కావాలంటే అస్సాం తెచ్చుకోండి, లేదా డార్జిలింగ్‌లోనే సెకండ్ ఫ్లష్ కాస్త ఎక్కువ పాళ్ళలో వేయండి. అది మే, జూన్ కోత. పచ్చదోమ కొరికిన ఆకు వల్ల మస్కటెల్ అనే ద్రాక్ష పరిమళం దానికి వస్తుంది, ఆక్సిడేషన్ కూడా ఎక్కువ. నాలుగు చుక్కల పాలకు నిలబడుతుంది.

నిమ్మకాయ కూడా వద్దు. పులుపు తగలగానే రంగు ఇంకా వెలిసిపోతుంది, పూల వాసన నిమ్మ కింద మునిగిపోతుంది.

చిన్న_గైవాన్
200 మి.లీ., 3 నిమిషాలు అని అందరూ ఒకే బాట పట్టారు. 100 మి.లీ. గైవాన్‌లో (మూతున్న చైనా కప్పు) 4 గ్రాములు, 90 డిగ్రీలు, మొదటి వంపు 20 సెకన్లు, రెండోది 20, మూడోది 35, నాలుగోది నిమిషం. వంపు వంపుకీ వాసన మారుతుంది. మొదట పూలు, రెండోదానికి పండు, మూడోదానికి గింజల వైపు జరుగుతుంది. ఆకు కడగొద్దు. ఆ మొదటి నీళ్ళలోనే సగం పరిమళం పారబోసుకున్నట్టు.

వగరు_వీరయ్య
నాలుగో వంపు ఎవరు తాగుతారండీ? ఇది ఊలాంగ్ కాదు. చుట్టలు చుట్టని ఆకు, రెండు వంపులకే వట్టిపోతుంది.

చిన్న_గైవాన్
మూడు వస్తాయి. నాలుగోది మీలాంటి వాళ్ళ కోసం రాశా, దాంట్లో మిగిలేది వగరే.

అక్షరాల_అప్పారావు
అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? నేపాల్ ఆకు కలుపుతారని వింటుంటాం.

రెండాకులు_మొగ్గ
డార్జిలింగ్ పేరు వాడుకునే హక్కు 87 తోటలకే ఉంది. దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి వస్తువు ఇదే, 2004-05లో. టీ బోర్డు లోగోలో రెండాకులూ మొగ్గా పట్టుకున్న స్త్రీ ముఖం ఉంటుంది. ఒకప్పుడు ఏటా కోటి కిలోల పైనే వచ్చేది, ఇప్పుడు 70 లక్షల లోపే. 2017లో 104 రోజుల సమ్మెతో సెకండ్ ఫ్లష్ పోయింది, మార్కెట్‌లో ఆ ఖాళీ నింపింది చాలావరకు నేపాల్ ఆకే.

నేపాల్‌లోని ఇలామ్ సరిహద్దుకి అవతలే, కొండ అదే, పొదలూ అవే జాతి. రుచి చూసి విడదీయడం అనుభవం ఉన్నవాళ్ళకీ కష్టం. ఇలామ్ ఆకు చెడ్డదేం కాదు, దాని పేరుతోనే అమ్మితే నేనూ కొంటా. కాబట్టి నాలుకని కాదు, ప్యాకెట్‌ని అడగండి: తోట పేరు, కోసిన నెల, ఏడాది, ఇన్వాయిస్ నంబర్. ఇవేవీ లేకుండా ఉత్త డార్జిలింగ్ అని ఉంటే అది ఏ సీజన్ ఆకో కూడా చెప్పలేం, బ్లెండ్ అయి ఉండొచ్చు. ఫస్ట్ ఫ్లష్ ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. జులై కోతకి ఫస్ట్ ఫ్లష్ అని రాసుంటే అక్కడే పెట్టేసి రండి.

డబ్బా_దాచినోడు
కొన్నాక ఎన్నాళ్ళు నిలుస్తుంది?

గిన్నె_గరిటె_గడియారం
సీల్ ఉంటే ఏడాది. తెరిచాక మూడు నెలల్లో తాగేయండి. ఆక్సిడేషన్ తక్కువ చేసిన ఆకు కాబట్టి సెకండ్ ఫ్లష్ కంటే ఇదే ముందు పడిపోతుంది. మొదట పూల వాసన పోతుంది, తర్వాత పచ్చదనం, చివరికి ఎండుగడ్డి ఒక్కటే ఉంటుంది. తాగితే ప్రమాదమేం లేదు, తాగడానికి కారణమే ఉండదు.

గాజు సీసా వద్దు, వెలుతురు తగులుతుంది. మసాలా డబ్బాల పక్కన అసలు వద్దు. 100 గ్రాములు కొంటే 20 గ్రాముల చొప్పున రేకు పొట్లాలు కట్టి, గాలి తీసి సీల్ చేసి, వాడే పొట్లం ఒక్కటే బయట ఉంచండి.

డబ్బా_దాచినోడు
ఫ్రిజ్?

గిన్నె_గరిటె_గడియారం
సీల్ తెరవని పొట్లాలకైతే సరే. తీశాక పొట్లం గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, నాలుగైదు గంటలు పట్టనివ్వండి. చల్లగా ఉండగా విప్పితే గాల్లో తేమ ఆకు మీదే వాలుతుంది. తెరిచిన ప్యాకెట్‌ని మాత్రం రోజూ ఫ్రిజ్‌లోకీ బయటికీ తిప్పడం కంటే అల్మారాలో పెట్టడం నయం.

పాలప్యాకెట్
వాసన పోయిన పాత ఆకు ఓ 40 గ్రాములు మిగిలింది. పారేయడమేనా? ఈసారి పాలు అడగట్లేదు.

చిన్న_గైవాన్
చల్లటి నీళ్ళలో నానబెట్టండి. లీటరుకి 10 గ్రాములు, మెత్తటి నీళ్ళు, మూతున్న సీసా, ఫ్రిజ్‌లో 7, 8 గంటలు. వేడి తగలదు కాబట్టి కాటెకిన్లూ కెఫీనూ తక్కువ దిగుతాయి, తీపి పైకి వస్తుంది. పోయిన పూల వాసన తిరిగి రాదు గానీ చేదు మాత్రం ఉండదు. ఆకు వడకట్టేసి ఆ రోజే తాగేయాలి. రాత్రి పెట్టి మర్నాడు సాయంత్రం దాకా ఆకుతో వదిలేస్తే ఇదీ వగరెక్కుతుంది. తాజా ఆకుతో చేస్తే ఇంకా బాగుంటుంది, కానీ డీజే-3 లాంటిది సీసాలో పోసి నానబెట్టడానికి నాకు చేతులు రావు.

వగరు_వీరయ్య
వగరెక్కుతుందన్నారు కదా, ఎన్ని గంటలకో కాస్త వివరంగా చెప్పండి.

చిన్న_గైవాన్
14. సీసా మీద మీ పేరు రాసుకోండి, ఇంట్లో ఇంకెవరూ తాగరు.